తెడ్డు నేర్పిన వంపు

కాళమ్మ గుమ్మంలో అడ్డంగా తెడ్డు పెట్టుకుని కూచుంది. ఒక కొస ఈ ద్వారబంధానికీ, ఇంకో కొస ఆ ద్వారబంధానికీ ఆనించి, మధ్యలో రెండు చేతులూ వేసి, తెల్లవారినప్పటి నుంచి అలాగే ఉంది. ఆ తెడ్డు దాటాలంటే తల్లిని దాటాలి. పోలిరాజు కెరటాలు దాటి చేపలు పట్టేవాడే గాని, తల్లిని దాటిన మొనగాడు కాడు.

"లేగు అత్తా," అంది బుల్లమ్మ. "పొద్దెక్కితే ఆ పెద్ద డాట్రు ఇంకోన్ని పిలిసీసుకుంటాడు. సాయంత్రం ఓడెక్కి ఎల్లిపోతాడు. మల్లీ ఈ దీవికి ఎప్పుడొస్తాడో ఎవలికి తెలుసు."

"ఎల్లనీ."

"ఎల్లనీ అంటే? నీ కొడుకు సెయ్యి ఇలాగే ఉండిపోవాలా?"

"ఉండనీ. ఆ సెయ్యి తెడ్డు పడతంది. తెడ్డు పట్టే సెయ్యి కూడు పెడతంది."

పోలిరాజు చాపమీద కూచుని ఇద్దరి మాటలూ వింటున్నాడు. వింటున్నవి చెవులే. మనిషి ఇంకా కలలోనే ఉన్నాడు. కిటికీలోంచి నీటి వెలుగు వచ్చి పైకప్పు రేకుల మీద ఊగుతోంది. దాన్ని చూస్తూ ఉంటే ఇల్లే మెల్లగా రేవు విడిచి పోతున్నట్టుంది.

కల ఎప్పుడూ ఒకటే. గాలి లేని సముద్రం. అడుగున పగడపు దిబ్బలు కనిపించేంత తేట నీళ్ళు. తన నాటుపడవలో, దీవుల వాళ్ళు డుంగీ అంటారే అందులో, బోర్లా పడుకుని కుడిచెయ్యి అంచుమీంచి నీళ్ళలోకి వదులుతాడు. కాసేపటికి చిటికెన వేలు కదులుతుంది. తరవాత దాని పక్కది. ఎవరో లోపలి నుంచి గడియ తీసినట్టు గుప్పిట మెల్లగా విచ్చుకుంటుంది. అరచేతిలోకి నీళ్ళొస్తాయి. ఆ చల్లదనం తగలగానే మెలకువ వచ్చేస్తుంది.

మెలకువలో ఆ చెయ్యి ఆరేళ్ళుగా గుప్పిటే. డుంగీ పగుళ్ళు పూడ్చడానికి మరగబెట్టిన గుగ్గిలం అరచేతిలో ఒలికింది. గుగ్గిలం నీళ్ళలా జారిపోయే వస్తువా? చర్మాన్ని పట్టుకుంటే చర్మంతో గాని వదలదు. కాళమ్మ పసరు రాసి, పాత తెడ్డు పిడి ముక్క ఒకటి కోసి, కొడుకు వేళ్ళు దాని చుట్టూ చుట్టి, గుడ్డతో బిగించి కట్టింది. ఆమె పుట్టింటి రేవులో పెద్దవాళ్ళు అలాగే చేసేవారు. గాయం మానేటప్పుడు చెయ్యి పని పట్టుకునే మానాలి, లేకపోతే పని మర్చిపోతుందని వాళ్ళ నమ్మకం. పోలిరాజు చెయ్యి పని మర్చిపోలేదు. తక్కినవన్నీ మర్చిపోయింది.

అన్నం ఎడమచేత్తో తింటాడు. దేవుడికి దండం పెట్టాలంటే ఒక పక్క అరచెయ్యి, ఒక పక్క గుప్పిట. పెళ్ళిలో దోసిలి పట్టలేక తలంబ్రాలు ఎడమచేత్తో పోస్తుంటే బుల్లమ్మ తాలూకు ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కొత్త కాపురంలో బుల్లమ్మ ఒకసారి, "ఆ సేత్తో ఒకపాలి నా సెంప ముట్టుకోవా మావా," అని అడిగింది. ముట్టుకున్నాడు, వేళ్ళ కణుపులతో. ఆమె నవ్వేసింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ అడక్కపోవడమే పోలిరాజుకు ఇవాళ్టికీ గుచ్చుకుంటుంది.

"నిన్న అడిగినాను గదా ఆ పెద్ద డాట్రుని," అంది కాళమ్మ. "ఎన్ని సేతులు పాడు సేసినావు బాబూ అని. ఏటన్నాడు?"

ఏమన్నాడో ముగ్గురికీ తెలుసు. మెయిన్‌లాండ్ నుంచి ఆపరేషన్ల క్యాంపుకి వచ్చిన ఆ సర్జను, ముసల్ది అడిగినదాన్ని నర్సు చేత హిందీలో చెప్పించుకుని, హాయిగా నవ్వి, "ఏక్ భీ నహీ, మాజీ," అన్నాడు. ఒక్కటి కూడా లేదట. పైగా ఫొటోల పుస్తకం తీసి చూపించాడు. అందులో అన్నీ సాపు చేతులే. పోలిరాజు చెయ్యి కూడా ఒక్క ఆపరేషన్‌తో ఏక్‌దమ్ సీధా చేసేస్తానన్నాడు. ఆ ఫొటోలు చూసి బుల్లమ్మ అక్కడే మనసు పారేసుకుంది. కాళమ్మ అక్కడి నుంచే లేచొచ్చేసింది.

"ఏ డాట్రయినా నాను పాడు సేసినానని సెప్పుకుంటాడా అత్తా?"

"తండేలు సెప్పుకుంటాడు."

"మొదలెట్టినాదిరా దేవుడా," అని బుల్లమ్మ గోడకు తిరిగింది.

కాళమ్మ ఆగలేదు. "మా అయ్య పడవ నడపడానికి తండేల్ని ఎతుకుతుంటే ఇద్దరొచ్చినారు. నా సేతిలో పడవన్నది మునగనేదు అన్నాడు ఒకడు. మా అయ్య ఆడికి మజ్జిగ పోసి పంపీసినాడు. మునగనేదంటే ఆడు అబద్దాలకోరన్నా అవ్వాలి, దూరం ఎల్లనోడన్నా అవ్వాలి. రెండోవోడు, ఒకటి ముంచీసినానయ్యా, ఏరు సంద్రంలో కలిసే మొగకాడ కెరటం తప్పు లెక్కేసినాను, అన్నాడు. ఆడికి పడవిచ్చినాడు. ఎనక నన్నూ ఇచ్చినాడు."

ఆ రెండోవాడే పోలిరాజు తండ్రి అప్పలరాముడు. ఓడెక్కి ఈ దీవికి వచ్చాక జ్వరంతో పోయాడు గాని, సముద్రం ఆయన జోలికి రాలేదు. గుమ్మానికి అడ్డంగా ఉన్న తెడ్డు ఆయనదే.

బుల్లమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. ఆమె గొంతు పెరగలేదు, తగ్గింది. తగ్గినప్పుడే ఆమెకు భయపడాలి.

"తెడ్డుకి కట్టినదానివి నువ్వే అత్తా. ఇయ్యాల తెడ్డు అడ్డం ఎట్టినదానివీ నువ్వే. నీ తెడ్డు కింద నా మొగుడి సెయ్యి నలిగిపోనాది."

పొయ్యిమీద గంజి పొంగి నిప్పుల్లో పడి చుయ్యిమంది. లేచి దించినవాళ్ళు లేరు. పైకప్పు మీద వెలుగు మాత్రం తన పాటికి తను ఊగుతూనే ఉంది.

"అవును, నానే కట్టినాను," అంది చివరికి కాళమ్మ. "మొండి సెయ్యి అయిపోతాదని బయపడి కట్టినాను. ఇప్పుడూ బయంతోనే కూకున్నాను. ఉన్న పట్టు కూడా పోతే?"

పోలిరాజుకు నిన్నటి ఇంకో సంగతి గుర్తొచ్చింది.

"అమ్మా, ఆ పక్కన ఇంకో డాట్రమ్మ నిలబడింది గదా. ఆవిడ్ని నువ్వు అడగనేదు."

"ఎవలు, దచ్చినామూర్తి మాస్టారి కూతురా?" అంది బుల్లమ్మ. "మన డెలానీపూర్ పిల్ల. నిన్నగాక మొన్న సదువు ముగించుకొచ్చినాది. ఆ పెద్దాయన్ని వొదిలీసి ఈ పిల్లకా సెయ్యిచ్చేది?"

"ఆవిడొక్కర్తే నా ఏల్లు ఒక్కొక్కటీ కదిపి సూసినాది. కల్లు మూసుకుని సూసినాది. ఏం పని సేస్తావని అడిగినాది." పోలిరాజు లేచి నిలబడ్డాడు. "పద అమ్మా, ఆవిడ్నీ అదే మాట అడుగుదాం. పాడు సేసినానని సెప్తే నువ్వు అడ్డు తీసీయి. సెప్పకపోతే నాను మల్లీ ఈ మాటెత్తను."

బుల్లమ్మ మొహం మాడిపోయింది. కాళమ్మ మాత్రం మోకాళ్ళమీద చేతులూని లేచింది. తెడ్డు వదల్లేదు. దాన్ని భుజాన వేసుకుని ముందు నడిచింది.

గోల్ ఘర్ బజారు మీదుగా ఎత్తు ఎక్కుతుంటే పడౌక్ చెట్ల పసుపుపచ్చ పూలు రోడ్డంతా రాలి ఉన్నాయి. అడుగేస్తే చప్పుడు లేదు. భుజాన తెడ్డుతో కొండెక్కుతున్న ముసలమ్మను చూసి ఒక దుకాణదారు, "మాజీ, సముందర్ అటు," అని నవ్వాడు. "తెల్సు భయ్యా, తిరిగి అటే ఎల్తాం," అంది కాళమ్మ తిరిగి చూడకుండా.

పోలిరాజు వెనకాల నడుస్తున్నాడు. పూలు తలమీద పడుతున్నాయి. ఒకటి గుప్పిట సందులో పడి ఉండిపోయింది. దాన్ని దులపడానికి వేళ్ళు తెరవాలి. తెరుచుకోవు. ఆ పువ్వును ఆసుపత్రి దాకా అలాగే మోసుకుపోయాడు. ఇదంతా కలేమో, కాసేపట్లో నీళ్ళు చల్లగా తగులుతాయేమో అనిపించిందతనికి.

ఆ మాస్టారి కూతురు, డాక్టర్ అరుణకుమారి, చిన్న గదిలో కిటికీ పక్కన కూచుని ఉంది. కిటికీ నిండా సముద్రమే. తెడ్డు గుమ్మంలో పట్టక ఏటవాలుగా లోపలికి వచ్చింది. ఆమె దానివంక చూసిందే గాని ఎందుకని అడగలేదు.

"ఎన్ని సేతులు పాడు సేసినావమ్మా?" అంది కాళమ్మ, కూచోకుండానే.

బుల్లమ్మ సిగ్గుతో తల వంచేసుకుంది. అరుణకుమారి కోప్పడలేదు, నవ్వలేదు. చేతిలో ఉన్న పెన్ను బల్లమీద పెట్టింది.

"రెండు," అంది.

కాళమ్మ అప్పుడు కూచుంది.

"ఒకటి ఫెరార్గంజ్‌లో వరి కోసే మనిషిది. కొడవలి తగిలి వేలు వంచే నరం తెగింది. కుట్టాను, కుట్టు బాగానే కుదిరింది. ఇంటికెళ్ళాక రోజూ ఎలా కదపాలో ఒకసారి చెప్పి ఊరుకున్నాను. నొప్పని అతను కదపలేదు. నేనూ వెళ్ళి చూడలేదు. ఆ వేలు కర్రలా బిగుసుకుపోయింది."

"రెండోది?"

"కాలిన చెయ్యే. మీవాడి లాంటిదే." ఆమె కిటికీ వైపు చూసింది. "చాలా ఏళ్ళు ముడుచుకున్న వేలిని నేను ఒక్కరోజులో సాపు చేశాను. లోపల రక్తనాళాలు కూడా పొట్టిగా అయిపోయి ఉంటాయి. అంత లాగితే అవి తట్టుకోలేదు. చిటికెన వేలు నల్లబడింది. తీసెయ్యాల్సి వచ్చింది. అప్పటినుంచి నేను ఒక్కసారిగా తెరవను. వచ్చినంతే తెరుస్తాను. మిగిలింది బద్ద కట్టి, రోజు రోజూ కొంచెం కొంచెం."

వసారాలోంచి కేక వినిపించింది. "పోలిరాజు కౌన్ హై? పోలిరాజు!" పెద్ద సర్జను తాలూకు మనిషి పేరు పిలుస్తున్నాడు.

బుల్లమ్మ ఉలిక్కిపడి లేచింది. పోలిరాజు లేవలేదు. ఆమె అతని వంక చూసింది, అతను కిటికీలోని సముద్రం వంక చూశాడు. ఇంకోసారి పిలుపు. ఆ పిలుపుకి పలకడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటకోసం గదిలో ముగ్గురు ఆడవాళ్ళూ కాచుకుని ఉన్నారు.

మూడోసారి వేరే పేరు వినబడింది. బుల్లమ్మ మెల్లగా కూచుంది.

"ఆయన చాలా మంచి సర్జన్," అంది అరుణకుమారి. "నాకంటే ఎన్నో రెట్లు పెద్ద చెయ్యి ఆయనది. మీరు ఆయన దగ్గరికి వెళ్ళినా నేను తప్పు పట్టను. కాని కత్తి పని సగమే. మచ్చ కోసి తీసి, తొడమీది చర్మం తెచ్చి అరచేతికి అతికిస్తాం. ఆ చర్మం మళ్ళీ ముడుచుకోవాలనే చూస్తుంది. నెలల తరబడి తెరిచి కట్టి ఉంచాలి. సముద్రం మీదికి ఈ ఏడు పంపలేను. ఆయన సాయంత్రం వెళ్ళిపోతారు. నేను ఇక్కడే ఉంటాను."

కాళమ్మ తెడ్డును ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

"గాయానికి అప్పుడు కట్టు కట్టిందెవరు?" అని అడిగింది డాక్టరు.

పోలిరాజు తల్లి వంక చూశాడు. బుల్లమ్మ పెదవి కొరుక్కుంది.

"నాను," అంది కాళమ్మ.

"గట్టిగా కట్టావమ్మా. మూసి కట్టడం తప్పు. కాని వదులుగా కట్టి ఉంటే ఆ పట్టు కూడా మిగిలేది కాదు." అరుణకుమారి ముందుకి వంగింది. "ఇప్పుడు తెరిచి కట్టాలి. రోజూ విప్పి, కదిపి, మళ్ళీ బిగించాలి. నొప్పికి ఏడుస్తాడు, విప్పెయ్యమని బతిమాలతాడు. పెళ్ళానికి జాలేస్తుంది. జాలిపడని మనిషి ఒకరు కావాలి నాకు. నీకా మొండితనం ఉందా?"

కాళమ్మ ఆమె మొహంలోకి చూసింది. "తెల్లారినకాడ్నించి గుమ్మంలోంచి లేగనేదు," అంది. "అడుగు నా కోడల్ని."

బుల్లమ్మకు నవ్వొచ్చింది. ఆపుకోబోయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాళమ్మ తెడ్డును ఒళ్ళోంచి తీసి గోడకు చేర్చింది. ఆ చప్పుడుతో పోలిరాజు ఒళ్ళంతా తేలికైపోయింది.

కాని డాక్టరు అతని గుప్పిటను చేతిలోకి తీసుకుంది. సందులో ఉన్న పువ్వును జాగ్రత్తగా లాగి బల్లమీద పెట్టింది. తరవాత ఉంగరపు వేలి మీద ఆగింది.

"ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే తేల్చుకోవాలి. ఈ వేలి మధ్య కణుపు లోపల పాడైపోయింది. నేనేం చేసినా అది ఇక కదలదు. తీగ గుచ్చి ఏదో ఒక వంపులో అతికించెయ్యాలి. జన్మకి అదే వంపు. సాపుగా నిలిపితే అరచెయ్యి బాగా తెరుచుకుంటుంది, కాని తెడ్డు పట్టేటప్పుడు ఆ వేలు అడ్డొస్తుంది. బాగా వంచి నిలిపితే తెడ్డు పడతాడు, కాని చెయ్యి చాచినప్పుడు ఆ వేలు ముడుచుకునే ఉంటుంది. ఏం చెయ్యమంటారు?"

"సాపుగా," అంది కాళమ్మ.

"వొంచే ఉంచండి," అంది బుల్లమ్మ.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. అత్తా కోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఎవరి మాట మీద వాళ్ళు నిలబడినవాళ్ళు, ఇప్పుడు ఒకరి మాట ఒకరు పట్టుకుని ఉన్నారు.

"తెడ్డు నేకపోతే ఈడు బతకడు," అంది బుల్లమ్మ నేలకేసి చూస్తూ. "నాకు తెల్సు."

"ఎన్నాల్లని తెడ్డు," అంది కాళమ్మ. "పిల్లదాని ముచ్చట తీరొద్దా?"

అరుణకుమారి ఇద్దరి మాటా విని, పోలిరాజు వైపు తిరిగింది. "చెయ్యి ఉన్న మనిషి చెప్పలేదు."

ఆరేళ్ళ కలలో ఆ చెయ్యి ఎన్నిసార్లు తెరుచుకుందో. తెరుచుకున్నాక అది ఎటు పోవాలనుకుందో మాత్రం ఏ కలా చూపించలేదు. అక్కడికి రాకముందే మెలకువ వచ్చేసేది.

"నన్ను ఇన్నాల్లూ ఎవలూ అడగనేదండి," అన్నాడు.

"ఇప్పుడడుగుతున్నాను."

"మద్దిన ఎక్కడైనా నిలపొచ్చాండి?"

"నిలపచ్చు. ఎంత వంపో నువ్వు చూపించు, నేను కొలుస్తాను."

పోలిరాజు గుప్పిట వంక చూసుకున్నాడు. అది చూపించలేదు. అప్పుడు మంచిదైన ఎడమచెయ్యి ఎత్తాడు. తల్లి చూస్తుండగా, డాక్టరమ్మ చూస్తుండగా, పట్టపగలు ఆ చేతిని బుల్లమ్మ చెంపమీద పెట్టాడు. చెంప ఎంత గుండ్రంగా ఉందో అంత వంపు తిరిగాయి వేళ్ళు.

"ఇంత," అన్నాడు.

ఆమె చెంప వేడిగా ఉంది, తడిగా ఉంది. కలలో తగిలే నీటి చల్లదనం దీని ముందు ఎందుకూ పనికిరాదని తెలిసిందతనికి. ఈసారి మెలకువ రాలేదు.

"కదలకు," అని డాక్టరు లేచి వచ్చి, ఆ ఉంగరపు వేలి దగ్గర కొలబద్ద పట్టుకుంది.

కాళమ్మ మర్యాదగా మొహం గోడవైపు తిప్పుకుంది. అక్కడ మొగుడి తెడ్డు ఆనించి ఉంది. దాని పిడి మందాన్ని కళ్ళతో కొలిచింది.

"ఒరే పోలీ," అంది. "ఆ వొంపు అలాగే ఉంచు. మారనీకు."

లేచి తెడ్డు చేతిలోకి తీసుకుంది. బుల్లమ్మ చెంప మెల్లగా పక్కకు తప్పించింది. ఖాళీ అయిన ఆ వంపులోకి, అందులో ఇముడుతుందో లేదో చూడ్డానికి, కాళమ్మ తెడ్డు పిడి తీసుకొచ్చింది.